ఆర్పకూడని లైటు

టైర్ల షాపాయన్ని ఆ వీధిలో అందరూ గాలాయన అంటారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. వయసు యాభై రెండు. అందులో ముప్పై ఆరేళ్లు చక్రాల పక్కన గొంతుకూర్చునే గడిచాయి. షాపులో రెండు కార్లు పడతాయి. మూడోది వస్తే సగం లోపల, సగం ఫుట్‌పాత్ మీద. వెనక గోడకి కంప్రెసరు, దాని పక్కన టైరు విప్పే మిషను, పంక్చరు బుడగలు చూసుకునే నీళ్ల తొట్టి, ఒక మూల కస్టమర్ల కోసం ఒక స్టూలు. ఆ స్టూలు నాలుగు కాళ్లలో ఒకటి పొట్టిది. దాని కింద అట్టముక్క పెట్టే తీరిక ఇన్నేళ్లలో ఆయనకి దొరకలేదు.

పనిలో ఆయనకి వంక పెట్టడానికి లేదు. కారు షాపు ముందు ఆగేలోపే ఏ టైరులో గాలి తక్కువుందో కంటితో చూసి చెప్పగలడు. చెప్పగలడు అన్నానే గానీ, చెప్పడు. ఆయన నోట్లోంచి మాట రావాలంటే పానా వేసి తిప్పాల్సిందే. ఎవరైనా పొరపాటున "ఎందుకండీ ఇలా అయింది?" అని అడిగారో, ముక్కు మీదున్న కోపం కాస్తా నోట్లోకి దిగుతుంది. చూసి నడుపుకోవాలి అంటాడు, లేదా అది నా పని, నాకొదిలెయ్యండి అంటాడు. పని నేర్పిన పాత ఓనరు కూడా ఇలాంటివాడే. ప్రశ్న అడిగితే చేతిలో ఏ సామానుంటే దానితో నేల మీద ఠంగున కొట్టేవాడు. అలాంటిచోట పదేళ్లు పెరిగినవాడికి, పని అంటే చేతులకి సంబంధించిందే గానీ నోటికి సంబంధించింది కాదని ఒక నమ్మకం పడిపోయింది. కస్టమర్లు కూడా అలవాటు పడ్డారు. మంచి పనివాడికి కాస్త కోపం ఉంటుందిలే అని సర్దుకుపోయారు. ఇలా సర్దుకుపోయేవాళ్లే మనుషుల్ని పాడుచేస్తారని నా అనుమానం.

టైర్లలో గాలి తగ్గితే వెలిగే పసుపు లైటు కొత్త కార్లలో రావడం మొదలైనప్పుడు, టైర్లు సరఫరా చేసేవాళ్లు షాపుల వాళ్లందరికీ ఒకరోజు క్లాసు పెట్టారు. గాలాయన వెళ్లి ఆఖరి బెంచీలో కూర్చున్నాడు. నోటుపుస్తకం తీయలేదు, ఒక్క ప్రశ్నా అడగలేదు. కానీ చెప్పిన ప్రతి ముక్కా మెదడులో మేకు కొట్టినట్టు దిగింది.

అక్కడ చెప్పిందేమిటంటే, గాలి తగ్గిందని కారుకి తెలిసే మార్గాలు రెండు. మొదటి రకం కార్లలో ప్రతి చక్రం లోపలా, గాలి కొట్టే వాల్వుకి అంటుకుని, అగ్గిపెట్టె కంటే చిన్న పరికరం ఒకటి ఉంటుంది. దాని కడుపులో చిన్న బ్యాటరీ. అది లోపలి గాలి ఎంతుందో కొలిచి, రేడియోలాగా కారులోని పెట్టెకి పంపుతూ ఉంటుంది. టైరు విప్పేటప్పుడు చూసుకోకుండా లీవరు వేస్తే అది చిట్లిపోతుంది. కొన్నేళ్లకి బ్యాటరీ అయిపోయినా అంతే సంగతులు. అప్పుడు లైటు కాసేపు మిణుకుమిణుకుమని, తర్వాత వెలుగుతూ ఉండిపోతుంది. అంటే పరికరమే పాడైందని లెక్క.

రెండో రకం కార్లలో చక్రం లోపల ఏమీ ఉండదు. బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు జారిపోకుండా చూడటానికి, ఏ చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో లెక్కపెట్టే ఏర్పాటు ముందే ఉంటుంది కదా, దాన్నే దీనికీ వాడుకుంటారు. గాలి తగ్గిన చక్రం కాస్త కుంగుతుంది. కుంగింది గనక అదే దూరానికి తక్కినవాటికంటే ఎక్కువసార్లు తిరగాలి. ఆ తేడా కనిపెట్టి కారు లైటు వెలిగిస్తుంది. అంటే దీనికి లోపల గాలి ఎంతుందో తెలియదు, తేడా ఒక్కటే తెలుసు. అందుకే నాలుగింటిలో సరిగ్గా గాలి కొట్టాక స్టీరింగు కింద ఉన్న మీట ఒకటి నొక్కి పట్టుకోవాలి. "ఇదీ సరైన లెక్క, గుర్తుపెట్టుకో" అని కారుకి చెప్పడం అన్నమాట. గాలి కొట్టకుండా నొక్కితే, ఆ తక్కువ గాలినే సరైనదనుకుని గుర్తుపెట్టుకుంటుంది. పాపం దానికేం తెలుసు, నమ్ముతుంది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక, క్లాసులో ఏం చెప్పారని భార్య అడిగింది. గాలి గురించి చెప్పారన్నాడు గాలాయన. అంతటితో ఆ చదువు ఆయనలోనే భద్రంగా ఉండిపోయింది.

ఇక అక్క సంగతి. గాలాయన కంటే ఆరేళ్లు పెద్ద. తండ్రి పోయిన ఏడాది ఆమెకి పద్దెనిమిదేళ్లు. ఒక కుట్టుమిషను సంపాదించి, కర్టెన్లూ సోఫా కవర్లూ కుట్టి ఇల్లు నడిపింది. బడి వదిలేసి వీధులు పట్టుకు తిరుగుతున్న తమ్ముణ్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి టైర్ల షాపులో పెట్టింది కూడా తనే. ఇప్పుడు ఆమె దగ్గర ఐదు మిషన్లున్నాయి, హోటళ్లకీ ఆఫీసులకీ కర్టెన్లు కుట్టి, స్వయంగా తీసుకెళ్లి తగిలించి వస్తుంది. అందుకోసం ముదురు ఆకుపచ్చ రంగు చిన్న కారు కొనుక్కుంది. అది రెండో రకం కారు.

అక్కంటే గాలాయనకి ప్రాణం. వారానికోసారైనా వెళ్లి, ఆమె పెట్టింది తిని, పెద్దగా ఏమీ మాట్లాడకుండా వస్తాడు. అక్క కారు మాత్రం ఎనిమిది నెలలుగా ఆయన కంట పడలేదు. అది అపార్టుమెంటు కింద, ఒక మూల, కవరు కప్పుకుని ఉంటుంది. ఆఖరిసారి ఆమె షాపుకి తెచ్చిన రోజు లోపల రెండు వ్యాన్లు, బయట ఒక కారు ఉన్నాయి. గాలాయన చెమటలు కక్కుతూ, నలుగురి ముందూ, "రద్దీ టైములో రావద్దని నీకెన్నిసార్లు చెప్పాలక్కా" అని కసిరాడు. అక్క కారు వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయింది. ఆయన ఆ సంగతి సాయంత్రానికల్లా మర్చిపోయాడు.

ఆ ఎండాకాలం, ఒకరోజు పదకొండు గంటలప్పుడు, అక్క వాళ్ల అపార్టుమెంటులోనే ఉండే ట్యూషన్ మేడమ్ షాపుకి వచ్చింది. ఆమెదీ అలాంటి కారే. ముందు టైరు మెత్తగా అనిపిస్తోందని చెప్పి, పొట్టికాలి స్టూలు మీద జాగ్రత్తగా కూర్చుంది. గాలాయన చక్రం విప్పి చేత్తో తడిమాడు. రెండు అంచులూ అరిగి నున్నగా ఉన్నాయి, మధ్యలో గాట్లు కొత్తగా ఉన్నాయి. చాలా రోజులు తక్కువ గాలితో నడిచిన టైరు అలాగే ఉంటుంది. తక్కిన మూడూ చూశాడు. అన్నీ అంతే.

మామూలుగా అయితే మాట్లాడకుండా పని కానిచ్చేవాడు. కానీ ఇది ఆయనకి అంతుపట్టలేదు. ఇంత తగ్గేదాకా లైటు వెలగలేదా అని అడిగాడు.

"వెలిగిందండీ. రెండుమూడుసార్లు వెలిగింది, ఆర్పేశాను" అంది మేడమ్. "మీ అక్కగారే నేర్పారు. ఆ మీట మూడు సెకన్లు పట్టుకుంటే పోతుందన్నారు. ఆవిడా అలాగే చేస్తున్నారట కదా, చలికాలం నుంచీ. మీ దగ్గరే నేర్చుకున్నానన్నారు."

గాలాయన చక్రం కింద పెట్టాడు. నేనెప్పుడు నేర్పాను అనుకున్నాడు. వెంటనే గుర్తొచ్చింది. ఎనిమిది నెలల క్రితం ఒక సాయంత్రం అక్క బదులు బావ కారు తీసుకొస్తే నాలుగు టైర్లలో గాలి కొట్టి పంపించాడు. ఆ హడావుడిలో మీట నొక్కడం మర్చిపోయాడు. మర్నాడు పొద్దున అక్క ఇంటికెళ్తే, లైటు ఇంకా వెలుగుతోందని ఆమె చెప్పింది. ఆయన కారు తలుపు తీసి, చెయ్యి పెట్టి, మీట నొక్కి పట్టుకున్నాడు. లైటు ఆరింది. ఒక్క ముక్క చెప్పకుండా తలుపు వేసి వచ్చేశాడు. గాలి కొట్టింది నిన్న, మీట నొక్కింది ఇవాళ. అక్క చూసింది రెండోదే.

అంటే ఎనిమిది నెలలుగా ఆ టైర్లలో గాలి దిగిపోతోంది. లైటు వెలిగినప్పుడల్లా అక్క, ఇంత గాలే సరైనదని కారుకి నేర్పుతూ వస్తోంది. ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. బావకి చేశాడు. అక్క ముప్పావు గంట క్రితమే బయల్దేరిందని, పక్క ఊళ్లో హోటలు వాళ్లకి నలభై గదుల కర్టెన్లు ఇవ్వాలని, కారు నిండా గుడ్డే ఉందని బావ తాపీగా చెప్పాడు. కారు నెత్తిన కర్టెన్ల రాడ్లు కూడా కట్టిందట. హైవే మీద వెళ్తుందని వేరే చెప్పక్కర్లేదు.

ఏం జరుగుతుందో గాలాయనకి తెలుసు. గాలి లేని టైరు ప్రతి చుట్టుకీ నలుగుతుంది, నలిగి కాలుతుంది. కింద మండే రోడ్డు, పైన మోయలేని బరువు. ఏ నిమిషంలోనైనా టైరు పక్కగోడ చీలిపోతుంది. అలా చీలిన టైర్లు ఆయన ఎన్ని చూశాడో. అవి ఏ కార్లవో, ఆ కార్లలో వాళ్లు ఏమయ్యారో కూడా తెలుసు. ఇప్పుడు వాటిలో ఏ ఒక్కటీ తలుచుకోవాలని లేదు.

అక్క ఫోన్ ఎత్తదు. బండి నడిపేటప్పుడు దాన్ని బ్యాగులో పడేస్తుంది. టోల్‌గేటు అవతల పంక్చర్లు వేసే అతనికి గాలాయన ఫోన్ చేశాడు. హైవే పొడవునా టైర్ల పని చేసేవాళ్లంతా ఒకరికొకరు తెలుసు. ముదురు ఆకుపచ్చ చిన్న కారు, నెత్తిన రాడ్లు, వెనక ఎర్రగుడ్డ కట్టి ఉంటుంది, ఎలాగైనా ఆపమన్నాడు. ఎందుకని అవతలివాడు అడగబోతే, "మా అక్కరా" అన్నాడు. ఆ గొంతు విని అతను ఇంకేం అడగలేదు.

ఇక్కడ షాపు ఎవరికప్పజెప్పాలో తోచలేదు. ట్యూషన్ మేడమ్‌ని కారు కదపకుండా అక్కడే ఉండమని, ఎవరైనా వస్తే సాయంత్రం రమ్మని చెప్పమని, దారిలో ఆగిపోయిన బళ్ల కోసం ఉంచుకున్న తన వ్యాన్ ఎక్కాడు. ఆమె తలూపేలోపే వీధి చివరికి చేరాడు. చిన్న కంప్రెసరు వ్యాన్‌లోనే ఉంటుంది. దారి పొడవునా రోడ్డు పక్కనే చూస్తూ నడిపాడు. ఎక్కడ రబ్బరు ముక్క కనిపించినా కాలు బ్రేకు మీదికి పోయేది. ఇరవై నిమిషాలకి ఫోన్ మోగింది.

"ఆపాను అన్నా" అన్నాడు పంక్చరతను. "లారీ టైరొకటి రోడ్డు మీదికి దొర్లించి అడ్డం నిలబడ్డా. దిగి నన్ను కడిగిపారేసింది. ఇప్పుడు కుర్చీ వేసి కూర్చోబెట్టా. ఎడం పక్క వెనక టైరు మీద చెయ్యి పెట్టలేకపోతున్నా అన్నా, కాలిపోతోంది."

గాలాయన వ్యాన్ పక్కకు తీసి ఆపాడు. స్టీరింగు మీద తల ఆనించి ఒక నిమిషం అలాగే ఉన్నాడు. తర్వాత మళ్లీ బయల్దేరాడు.

వెళ్లేసరికి అక్క రేకుల షెడ్డు కింద చెంగుతో విసురుకుంటూ కూర్చుని ఉంది. హోటలు వాళ్లు ఒంటిగంటకల్లా కావాలన్నారని, ఏమిటీ గొడవని అడిగింది. గాలాయన నేరుగా టైర్ల దగ్గరికి పోయాడు. గేజీ పెట్టి చూస్తే, గాలి ముప్పై మూడు ఉండాల్సినచోట ఇరవై ఒకటి, ఇరవై, ఇరవై. ఎడం పక్క వెనకది పదిహేడు. అదీ కాలిపోతున్న టైర్లలో. చల్లారితే ఇంకా నాలుగైదు తక్కువే చూపిస్తాయి. వెనక చక్రం పక్కగోడ ఒకచోట ఉబ్బి ఉంది. విప్పి, రిమ్ము నుంచి టైరు తప్పించి వంచితే, లోపల్నుంచి గుప్పెడు నల్లటి రబ్బరు పొడి నేల మీద రాలింది. లోపలి గోడ అంతా నలిగి గీతలు పడి ఉంది. పంక్చరతను అది చూసి నోరు నొక్కుకుని, తన మొహం అక్క కంట పడకూడదని దూరంగా వెళ్లిపోయాడు.

ఆ పొడి అరచేతిలోకి తీసుకుని గాలాయన అక్క ముందు పెట్టాడు.

"ఇదేంట్రా?"

"నీ టైరే. లోపల్లోపల అరిగిపోయింది."

"లైటు వెలగలేదు కదరా" అంది అక్క.

"నువ్వే ఆర్పేశావు కదక్కా."

"నువ్వు ఆర్పినట్టే ఆర్పాను" అంది. తప్పు చేసిన గొంతు కాదు, పాఠం సరిగ్గా అప్పజెప్పిన గొంతు.

అప్పుడు చెప్పాడు, ముందురోజే గాలి కొట్టానని, నొక్కడం అన్నది దాని తర్వాతి పని అని. అక్క పొడి వంక, విప్పిన టైరు వంక చూసింది. ఏం తప్పిందో అప్పుడర్థమైంది ఆమెకి. మొహం పాలిపోయింది. 

ఒక్క మాట అడిగి ఉండొచ్చు కదా అన్నాడు గాలాయన. కసురులా అనాలనుకోలేదు, కానీ అలవాటైన నోరు, కసురులాగే వచ్చింది.

అక్క కోప్పడలేదు. "అడిగితే కసురుకుంటావురా" అంది. "లారీ టైరు రిమ్ముకి ఎలా ఎక్కిస్తారని ఒకసారి అడిగితే, నీకెందుకు, నీ మిషను నువ్వు చూసుకో అన్నావు. అప్పటికి నీకింకా పెళ్లి కూడా కాలేదు. అప్పట్నుంచీ నిన్ను అడగడం మానేశాను. నీ చేతులు చూసి నేర్చుకుంటాను."

గాలాయనకి ఆ లారీ టైరు గుర్తులేదు. ఎంత వెతుక్కున్నా గుర్తు రాలేదు. ఎవరి మీద కసిరాడో మాత్రం ఇప్పుడు తెలిసింది. తనని షాపులో పెట్టి, తనేం నేర్చుకుంటున్నాడో తెలుసుకోవాలని అడిగిన మనిషి మీద. తల తీసేసినట్టయింది. ఎదురుగా నిలబడలేక వెళ్లి స్టెప్నీ బిగించాడు.

మిగతా టైర్లు చల్లారేదాకా గాలి సరిచూడటానికి లేదు. వేడి మీద కొలిస్తే లెక్క తప్పుతుంది. గంటసేపు ఆగాలి. ఎందుకాగాలో కూడా చెప్పాడు. వేడికి లోపలి గాలి వ్యాకోచిస్తుందని, చలికాలం పొద్దున్నే లైటు వెలిగి ఎండెక్కాక ఆరేది కూడా అందుకేనని చెప్పాడు. చెప్తుంటే తన గొంతు తనకే కొత్తగా ఉంది. నేల మీద కూర్చుని, రబ్బరు పొడిలో వేలితో రెండు చక్రాలు గీశాడు. ఒకటి గుండ్రంగా, ఒకటి కాస్త కుంగి. ఆ క్లాసులో విన్నదంతా మొదటిసారి ఇంకో మనిషికి చెప్పాడు. మధ్యలో ఒకచోట మాట దొరక్క ఆగిపోతే, అక్కే అందుకుంది.

"చిన్న కండె పెద్ద కండె కంటే ఎక్కువ తిరుగుతుంది కదా, లాగే దారం అంతే అయినా. అదేగా?"

"అదేనక్కా."

"అన్నీ చిన్న కండెలే అయితే తేడా తెలీదు."

"అంతే."

"ఈ మాత్రం నాకర్థం కాదనుకున్నావా?" అంది అక్క. ఆ మాటకి ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. టైరు పేలకుండా ఆగినందుకు కూడా రాని నీళ్లు.

"తప్పు నాదేనక్కా" అన్నాడు గాలాయన. ఆ మాట ఆయన అంతకుముందు ఎప్పుడైనా అన్నాడేమో వాళ్లింట్లో ఎవరికీ తెలియదు.

చల్లారాక నాలుగింటిలోనూ గాలి కొట్టారు. గేజీ అక్కే పట్టుకుంది, అంకె ఆమే చదివింది. కారులో కూర్చుని, మీట ఆమే నొక్కి పట్టుకుంది. కాసేపు నడిస్తే గానీ కారు కొత్త లెక్క నేర్చుకోదని, ఇప్పుడు స్టెప్నీ లేదు గనక అరవై దాటొద్దని, తను వ్యాన్‌లో వెనకే వస్తానని గాలాయన చెప్పాడు. చెప్పి వ్యాన్ వైపు నడిచాడు.

అక్క ఇంజను స్టార్ట్ చేసి, ఏదో ఆలోచించి, మళ్లీ ఆపేసింది. అద్దం దించి పిలిచింది. ఎడమ వైపు తిరిగేటప్పుడు కిర్రుమని చప్పుడొస్తుంది, అదెందుకని అడిగింది. గాలాయన వెనక్కొచ్చి, కిటికీ మీద చెయ్యి ఆనించి చెప్పాడు. నిజంగానే అర్థమైందా లేదా అని ఆమె మొహం చూశాడు. సరే, మరి వానాకాలంలో అద్దం ఎందుకు మసకేస్తుందని అడిగింది. అదీ చెప్పాడు. టైర్లు ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ ఎందుకు మారుస్తారు, హ్యాండ్‌బ్రేకు రాత్రంతా వేసి ఉంచొచ్చా, పాత టైర్లన్నీ చివరికి ఎక్కడికి పోతాయి అని అడిగింది. ఆఖరికి, లారీ టైరు రిమ్ముకి ఎలా ఎక్కిస్తారని కూడా అడిగింది. గాలాయన పంక్చరతన్ని కేకేసి, అతని దగ్గరున్న లారీ టైరు తెప్పించి, చొక్కా చేతులు మడిచాడు.

హోటలుకి కర్టెన్లు ఆ రోజు రెండున్నర గంటలు ఆలస్యంగా చేరాయి.